చేసిన సంతకమును చెరుపుకొను సభ్యులు

మేడ్చలు, షామీరుపేట ప్రాంతము నిజాము పాలనలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. ఆ జిల్లా ప్రభువు సొంత సర్ఫెఖాసు. రైతు కట్టిన శిస్తు ఆయన సొంత ఖజానాకే చేరెడిది. ఆ ప్రభువే, మీర్ ఉస్మాన్ అలీఖాన్, 1921లో ఫర్మానా జారీచేసి న్యాయశాఖను పరిపాలనశాఖనుండి వేరుపరచెను. బ్రిటిషు ఇండియాలో కాంగ్రెసు పెక్కుసార్లు తీర్మానించియు పొందలేనిది హైదరాబాదులో ఒక్క కాగితముతో జరిగెనని నేటికిని పొగడువారు గలరు. పొగడుదురు గాక! తహశీలుదారుని, మునసబును విడదీసిన యా ఫర్మానాపై సంతకముచేసిన వానిని నిలదీయు సభ యేదియైన నుండెనా? ప్రభువు దయచే వచ్చిన విభజన ఆ దయ యున్నంతవరకే.

1950 నాటి రాజ్యాంగము ఈ లోపమును తీర్చెను. న్యాయమూర్తి మంత్రులకు వెరవనక్కరలేదు. తప్పుచేసినచో ప్రజాప్రతినిధులు ఆయనను అభిశంసించి తొలగింపవచ్చును. 1968 నాటి చట్టము ప్రకారము లోకసభలో 100 మందియో, రాజ్యసభలో 50 మందియో సంతకముచేసి తీర్మానము నీయవలెను. సభాధ్యక్షుడు దానిని స్వీకరించిన పిదపనే విచారణ. ద్వారము ఇరుకైనదే. ఇరుకుగానే యుండవలెను, లేకున్న నచ్చని తీర్పు వచ్చినపుడెల్ల న్యాయమూర్తులను ఇంటికి పంపుదురు. మా ఫిర్యాదు ద్వారముపై గాదు, ద్వారపాలకులపై.

1993 మే నెలలో జస్టిస్ వి. రామస్వామిపై తీర్మానము లోకసభ యెదుటికి వచ్చెను. అనుకూలముగా 196 వోట్లు. ప్రతికూలముగా ఒక్కటియు లేదు. కాంగ్రెసువారును వారి మిత్రులును 205 మంది వోటు వేయక కూర్చుండిరి. కాదనుటకు ధైర్యము లేదు, అవుననుటకు మనసు రాదు!

మన యింట జరిగినది అంతకంటె హీనము. ఉభయ తెలుగురాష్ట్రములకు ఉమ్మడిగా నుండిన హైదరాబాదు ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి యొకరిపై 2016 డిసెంబరులో 61 మంది రాజ్యసభ సభ్యులు సంతకములు చేసిరి. తరువాత కొందరు తమ సంతకములను వెనుకకు తీసికొనిరి. 2017లో మరల సంతకములు, మరల ఉపసంహరణలు! తీర్మానము విచారణదాకనైన పోలేదు. ఫిర్యాదు చేసినవానికి న్యాయము లేదు. నింద మోసిన న్యాయమూర్తికి నిర్దోషినని విచారణసంఘము ముందు రుజువుచేసికొను అవకాశమును లేదు. ఇది పెద్దల సభయా, సంతబేరమా? వ్రాలుచేసి మాటతప్పిన వానిని మన పల్లెలో పంచాయతీకి పిలుతురు గదా!

షామీరుపేటలో నల్సారు న్యాయవిశ్వవిద్యాలయమున్నది. అచట యువకులు అధికారవిభజనను గూర్చి సంవత్సరములతరబడి చదువుచున్నారు. వారి పుస్తకములలో ఈ ఉపసంహరణ అధ్యాయమును చేర్చినచో చదువు పూర్తియగును.

మేము కోరునది స్వల్పము. అభిశంసన తీర్మానముపై సంతకము చేసినవాడు దానిని తీసికొనదలచినచో సభలో లేచి, ఎల్లరు వినునట్లు కారణము చెప్పవలెను. ఆ కారణము సభా కార్యక్రమములలో అచ్చుకావలెను. రాజ్యసభకు సభ్యులను పంపువారు శాసనసభ్యులు. మేడ్చలులో ఇకముందు వోటడుగ వచ్చు అభ్యర్థిని చదువరులు ఈ ప్రశ్న అడుగుదురు గాక: "అయ్యా, మీరు ఢిల్లీకి పంపబోవు పెద్దమనిషి చేసిన సంతకముపై నిలుచునా?"