తువ్వాలు కింద బేరం వద్దు

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి,

ముసునూరు నుంచి రాస్తున్నాను. మామిడి తోటల వాళ్లకు మ్యూజియం గొడవ ఎందుకంటారేమో. విజయవాడ బాపు మ్యూజియం మాకూ దగ్గరిదే. 1887లో విక్టోరియా జూబిలీ పేరిట పునాది పడి, 2020లో కొత్త హంగులతో మళ్లీ తెరుచుకున్న చోటు. అల్లూరు బుద్ధ విగ్రహం ఉన్నది అక్కడే.

అలాంటి సంపద ఉన్న మ్యూజియానికి అధిపతిని ఎలా ఎంచుతారో ముందే చెప్పండి. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు నొక్కి బేరమాడినట్టు కుర్చీ నింపితే, మంచివాడు వచ్చినా అనుమానం పోదు. అది అతనికీ అన్యాయమే. రాతికి ఉప్పు పడితే ఏం చేయాలో, వస్తువుల రిజిస్టరును అల్మారాతో ఎలా సరిచూడాలో తెలిసినవారు కావాలి. సీనియారిటీ ఒక్కటే చాలదు. ఇన్‌ఛార్జి బాధ్యత అప్పగించి ఏళ్లు గడిపేస్తే అసలే చాలదు.

నిర్ణయాలు తీసుకునే పద్ధతిని అడగకుండానే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ చెబుతోంది. సమాచార కమిషనర్ల ఎంపికలో వడపోత ప్రమాణాలు బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2019లో ఆదేశించింది. వారికి తగినది మ్యూజియాలకు ఎందుకు తగదు?

ఈసారి నియామక ప్రకటన తెలుగులోనూ ఇవ్వండి. అర్హతలు, ఎంపిక సంఘం సభ్యుల పేర్లు, వడపోతలో మిగిలినవారి జాబితా, చివరి ఎంపికకు కారణాలు ఏ తేదీకి వెల్లడిస్తారో అందులో రాయండి. సంఘంలో శాఖ బయటి పురావస్తు నిపుణుడు ఒకరైనా ఉండాలి. జవాబును కూడా బహిరంగంగానే కోరుతున్నాం.

ఇట్లు,
ముసునూరు పౌరుడు, ఏలూరు జిల్లా