మేడను నిలబెట్టే లెక్క

పిల్లలూ,

మొన్న సెలవులకు విజయవాడలో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి మా మేనకోడలు మూతి ముడుచుకుని కూర్చుని ఉన్నది. ఎనిమిదో తరగతి చదువుతున్నది. చదువులో చురుకు, కోపంలోనూ చురుకే! "ఏమమ్మాయీ, ఏం జరిగింది?" అని అడిగాను.

"ఎవరో ఇంజనీరట మామయ్యా! నా గది లేకుండా చేశాడు" అన్నది.

సంగతి ఏమిటంటే, మా బావగారిది రెండంతస్తుల ఇల్లు. కట్టి ఇరవై ఏళ్ళు దాటింది. దానిమీద మూడో అంతస్తు వేసి, అందులో అమ్మాయికి ఒక గది ఇద్దామని బావగారు అనుకున్నారు. మేస్త్రీ వచ్చి చూసి, "దానికేముందండీ, నాలుగు నెలల్లో లేపేస్తాను" అన్నాడు. అయినా బావగారు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును, అంటే కట్టడాల బలం లెక్కగట్టే ఇంజనీరును, పిలిపించారు. ఆయన పాత ప్లాను చూశారు, స్తంభాలు కొలిచారు, పునాది పక్కన గొయ్యి తవ్వించి చూశారు. రెండు రోజులు లెక్క వేసి, "ఈ పునాది రెండంతస్తులకు వేసినది. మూడోది వెయ్యవద్దు" అని చెప్పి వెళ్ళారు.

"మా ఇల్లు రాయిలాగా ఉన్నది. ఒక్క గది వేస్తే కూలుతుందా?" అన్నది అమ్మాయి.

"ఇక్కడ కూర్చుని వాదించుకోవటం దేనికి? అట్లా బెంజ్ సర్కిల్ దాకా నడిచి వద్దాం, పద" అన్నాను.

బెంజ్ సర్కిల్ చూడని వారికి చెబుతాను. చెన్నై నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డూ, బందరు రోడ్డూ అక్కడ కలుసుకుంటాయి. రద్దీ తట్టుకోలేక, కూడలి మీదుగా ఫ్లైఓవరు వంతెన కట్టి 2020లో తెరిచారు. తరవాత దాని పక్కనే రెండోది కూడా వచ్చింది. మేం వెళ్ళి వంతెన కింద నిలబడ్డాం. పైన లారీలు గడగడమంటూ పోతున్నాయి.

"పైన పోయే ఆ లారీ బరువు ఎవరు మోస్తున్నారు?" అని అడిగాను.

"వంతెన."

"వంతెనను?"

"దూలాలు. దూలాలను స్తంభాలు మోస్తున్నాయి."

"మరి స్తంభాలను?"

అమ్మాయి కాస్త ఆలోచించి, "భూమి" అన్నది.

"అదీ సంగతి! బరువు ఎప్పుడూ భూమిని వెతుక్కుంటూ పోతుంది. దారి సరిగా ఉంటే దానంతట అది దిగిపోతుంది. దారిలో ఒక్కచోట సందు ఉన్నదంటే, అక్కడ విరుచుకుని పడుతుంది. ఆ దారి వెయ్యటమే స్ట్రక్చరల్ ఇంజనీరు పని. ఇల్లు ఎంత అందంగా ఉండాలో ఆర్కిటెక్టు చూస్తాడు. ఎన్నేళ్ళు నిలబడాలో ఈయన చూస్తాడు" అన్నాను.

తరవాత ఇద్దరం నేలమీద పుల్లతో గీసి లెక్క వేశాం. ఆమె గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. అంటే 12 చదరపు మీటర్లు. 15 సెంటీమీటర్ల మందాన శ్లాబు వేస్తే, చదరపు మీటరుకు సుమారు 375 కిలోల బరువు. 12 పెట్టి హెచ్చవేస్తే 4,500 కిలోలు! గోడలూ, మంచమూ, పుస్తకాలూ కాక, పైకప్పు ఒక్కటే నాలుగున్నర టన్నులు.

"అమ్మో! ఏనుగంత!" అన్నది అమ్మాయి.

"ఆ ఏనుగు రాత్రీ పగలూ దిగకుండా మీ ఇంటిమీద కూర్చుంటుంది. పైగా అంతస్తంటే ఒక్క గది కాదుగా! ఎన్ని ఏనుగులో నువ్వే చూసుకో."

కృష్ణా డెల్టాలో ఇంకో చిక్కు కూడా ఉన్నది. ఇక్కడ చాలాచోట్ల నల్లరేగడి నేల. వానాకాలంలో నీరు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండి బీటలు వారుతుంది. దమ్ము చేసిన చేలో నిలబడితే కాళ్ళు దిగబడతాయి, పలక వేసుకుని నిలబడితే దిగబడవు కదా! పునాదిని అడుగున వెడల్పు చేసేది అందుకే. ఇంకా మెత్తని నేల అయితే, లోతున గట్టి పొర తగిలేదాకా కాంక్రీటు కంబాలు దించి, వాటిమీద కడతారు. మా బావగారి పునాది పలక రెండంతస్తులకు సరిపోయినంతే. ఇంజనీరుగారు గొయ్యి తవ్వించి చూసింది దాన్నే.

మీరు ఎప్పుడైనా శ్లాబు వేసేటప్పుడు చూశారా? కాంక్రీటు పొయ్యకముందు ఇనుప ఊచలు పరుస్తారు. గదిమీద శ్లాబుకు ముఖ్యమైన ఊచలు నడిమధ్యన అడుగువైపున ఉంటాయి. ఎందుకని? ఒక మందపాటి స్పాంజి ముక్క తీసుకుని, దాని పక్కన నిలువు గీతలు గీయండి. రెండు కొసలా ఆధారం పెట్టి మధ్యన నొక్కండి. పైన గీతలు దగ్గరికి వస్తాయి, కింద గీతలు దూరం జరుగుతాయి. అంటే పైభాగం నలుగుతున్నది, అడుగుభాగం సాగుతున్నది. కాంక్రీటు నలుగుడుకు మహా గట్టిది. సాగదీస్తే మాత్రం ఇట్టే పగులుతుంది. అందుచేత సాగే చోట ఇనుము పెట్టాలి.

మరి గోడ బయటికి చాచిన బాల్కనీ సంగతి? స్పాంజి ఒక కొసను బల్లకు నొక్కిపెట్టి, రెండో కొసమీద నొక్కి చూడండి. ఈసారి సాగేది పైభాగం! కనక బాల్కనీలో ఊచలు పైన ఉండాలి. తెలియక అడుగున పెడితే, బయటికి అంతా బాగానే కనబడుతుంది. నలుగురూ వెళ్ళి నిలబడిననాడు విరుగుతుంది. ఊచలు అవే, సిమెంటు అదే. తెలియనితనం ఒక్కటే ప్రాణం తీస్తుంది.

ఇదంతా విని అమ్మాయి, "ఈ చదువు మనవాళ్ళు ఎవరైనా చదివారా మామయ్యా?" అని అడిగింది.

నేను బందరు రోడ్డు వైపు చెయ్యి చూపాను. "ఇట్లాగే కానూరు, పోరంకి దాటి పోతే కంకిపాడు వస్తుంది. 1902లో ఆ ఊళ్ళో పుట్టినవారే డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారు. కె.ఎల్. రావుగారంటే అందరికీ తెలుసు. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. బడిలో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కంటిచూపు పోయింది. అయినా మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివారు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుంచి 1939లో డాక్టరేటు తీసుకున్నారు. కట్టడాల మీద, ఊచల కాంక్రీటు మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. ఆ తరవాత ఈ విజయవాడ నుంచే పార్లమెంటుకు ఎన్నికై, కేంద్రంలో నీటిపారుదల మంత్రి కూడా అయ్యారు."

ఆ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు, 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. అది రాతికట్టడం. అంత నీటి తోపుడును తన బరువుతోనే ఆపుతుంది. నీటిలో లోతుకు పోయినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది గనక, అటువంటి ఆనకట్ట పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉంటుంది. ఇక్కడా బరువుకు దారి వెయ్యటమే!

"ఆడపిల్లలు చెయ్యగలరా?" అన్నది అమ్మాయి, కాస్త నెమ్మదిగా.

"ఎందుకు చెయ్యలేరు? ప్రకాశం జిల్లాలో పుట్టిన ఆచార్య జి. మాధవీలత కాకినాడలో సివిల్ ఇంజనీరింగు చదివారు, వరంగల్లులో ఎం.టెక్. చేశారు. కాశ్మీరులో చీనాబ్ నదిమీద 359 మీటర్ల ఎత్తున రైలువంతెన కట్టినప్పుడు, దాని కాళ్ళు ఆనే కొండచరియలు జారకుండా నిలబెట్టే పనిలో 17 ఏళ్ళపాటు సలహాదారుగా ఉన్నారు. ఆ వంతెనను 2025 జూన్ 6న ప్రారంభించారు."

పిల్లలూ, మీలో ఎవరికైనా ఈ పనిమీద మనసు పోతే, దారి ఇదీ: పదో తరగతి తరవాత ఇంటర్మీడియటులో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తీసుకోవాలి. ప్రవేశపరీక్ష రాసి నాలుగేళ్ళు బి.టెక్. సివిల్, ఆపైన రెండేళ్ళు ఎం.టెక్.లో స్ట్రక్చరల్ ఇంజనీరింగు చదవాలి. అన్నేళ్ళు చదివించటం ఇంట్లో కష్టమైతే, పది తరవాతే పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ సివిల్ డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరవచ్చు. ప్రవేశపరీక్ష రాసి బి.టెక్. రెండో ఏట చేరనూవచ్చు. అటుపైన కొన్నేళ్ళు పెద్ద ఇంజనీర్ల చేతికింద పని నేర్చుకోవాలి. ఇప్పుడు కంప్యూటరు క్షణాల్లో లెక్క చేసిపెడుతుంది. కాని తప్పు బరువు చెబితే తప్పు జవాబే ఇస్తుంది. అది పట్టుకోవాలంటే మన బుర్రలో లెక్క ఉండాలి. కాగితంమీద సంతకం కంప్యూటరు పెట్టదు, మనమే పెట్టాలి.

తిరిగి వస్తూ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "మామయ్యా, ఆ ఇంజనీరుగారు సరేనని సంతకం పెడితే నాన్న సంతోషించేవారు, నేనూ సంతోషించేదాన్ని. అయినా వద్దన్నారు. అది చాలా కష్టం కదూ?" అన్నది.

"అన్నిటికన్నా కష్టమైన లెక్క అదేనమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం బావగారు హాలులో కిటికీ పక్కకు బీరువా అడ్డం జరిపి, అమ్మాయికి ఒక మూల చేసి ఇచ్చారు. అందులో ఆమె మొదట పెట్టుకున్నది స్పాంజి ముక్క!

ఈ నెల మీరు చెయ్యవలసిన పని: రెండు పుస్తకాలను జానెడు ఎడంగా పెట్టి, వాటిమీద ఒక కాగితం పరవండి. రూపాయి బిళ్ళ పెడితే వంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలాగా మడతలు పెట్టి వెయ్యండి. ఇప్పుడు ఎన్ని బిళ్ళలు ఆగుతాయో లెక్కపెట్టండి. కాగితం అదే, బలం ఎక్కడిది? అమ్మనూ నాన్ననూ కూడా అడగండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.