రాలేదన్నవాడే నయం

ఆదోనిలో ముంగారు మొదలైతే విత్తనాల అంగట్లో ఒక ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు: "బీజీ-3 వచ్చిందా అన్నా?" గడ్డిమందు కొట్టినా చావని ఈ పత్తికి మన దేశంలో అనుమతే లేదు, బీటీకి 2002లో, బీజీ-2కి 2006లో ఇచ్చారు. అందరూ రైతు ఆశను తప్పుబడతారు. నేను మాత్రం గల్లాపెట్టె పక్కనున్న కుర్రాడి జవాబు వింటాను. ఉరుకుంద ఈరన్న మీద ఒట్టేసి "లోపలుంది, సాయంత్రం రా" అనేవాడు బిల్లివ్వడు. రేపు మొలక రాకపోతే నష్టపరిహారం అడగడానికి చేతిలో కాగితముండదు. "రాలేదప్పా, ఎప్పుడొస్తుందో నాకు తెలీదు" అనేవాణ్ని విసుక్కుంటాం. నా లెక్కలో ఆ బజారులో తెలిసి మాట్లాడేది వాడొక్కడే. ఈసారి బీజీ-2 సంచి వాడి దగ్గరే కొనండి, బిల్లు అడిగి మరీ.