జనం వెళ్ళిపోయాక ఒప్పుకున్న గెలుపు

1963 డిసెంబర్ 1. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్‌విల్ నగరం. అర మైలు మట్టి ట్రాకు మీద 200 ల్యాపుల కారు రేసు జరుగుతోంది. ఇంకా 25 ల్యాపులు మిగిలి ఉండగా వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవర్ రిచర్డ్ పెట్టీని దాటి ముందుకొచ్చారు. 200 ల్యాపులు పూర్తి చేశారు. అయినా ఆయనకు ముగింపు జెండా ఊపలేదు. ఆయన నడుపుతూనే ఉన్నారు. చివరికి బక్ బేకర్ అనే తెల్లజాతి డ్రైవర్ గెలిచారని ప్రకటించి, ట్రోఫీ ఆయన చేతికిచ్చారు.

స్కాట్ లెక్క మళ్ళీ చూడమన్నారు. చాలాసేపటి తర్వాత, ప్రేక్షకులంతా వెళ్ళిపోయాక, అధికారులు ఒప్పుకున్నారు. స్కాట్ రెండు ల్యాపుల ఆధిక్యంతో గెలిచారు. ల్యాపులు లెక్కపెట్టడంలో పొరపాటు జరిగిందన్నారు. ట్రోఫీ మాత్రం ఆయనకు దక్కలేదు. విజేతకు అందాల రాణి ముద్దు పెట్టడం అక్కడి ఆనవాయితీ. జనం చూస్తుండగా ఒక తెల్ల అమ్మాయి నల్లవాడికి ముద్దు పెట్టడం ఇష్టం లేకే ఇదంతా చేశారని స్కాట్ నమ్మారు.

పొరపాటు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ప్రతిభ గురించి మనం చేసే వాదన ఎప్పుడూ పరుగెత్తేవాడి చుట్టూ తిరుగుతుంది. లెక్కపెట్టేవాడి వైపు చూడం.

స్కాట్ 1921లో వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. తిరిగొచ్చి టాక్సీ నడిపారు, మెకానిక్ పని చేశారు, రాత్రిపూట కారులో నాటుసారా రవాణా చేశారు. 1949లో పట్టుబడ్డారు. 1952లో స్థానిక రేసుల నిర్వాహకులు టికెట్లు ఎక్కువ అమ్ముడుపోవాలని ఒక నల్లజాతి డ్రైవర్ కోసం వెతికారు. వాళ్ళు పోలీసులనే అడిగారు. తాము తరిమినవాళ్ళలో వేగంగా నడిపేది స్కాట్ అని పోలీసులు చెప్పారు. ఆయన నైపుణ్యం వ్యవస్థకు ముందే తెలుసన్నమాట. దానికి గౌరవం ఇవ్వడం దగ్గరే ఇబ్బంది.

స్టాక్ కార్ రేసింగ్ దక్షిణాది రాష్ట్రాల్లో ఎదిగిందే సారా రవాణా చేసే కుర్రాళ్ళతో. జూనియర్ జాన్సన్ అనే తెల్ల డ్రైవర్ కూడా అలా వచ్చినవారే. సారా కేసులో జైలుకు కూడా వెళ్ళారు. 1965లో టామ్ వుల్ఫ్ ఎస్క్వైర్ పత్రికలో ఆయన్ని అమెరికా చివరి వీరుడని కీర్తిస్తూ వ్యాసం రాశారు. 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష ఇచ్చారు. ఒకే పని ఒకరి జీవితంలో వీరగాథ అయింది, మరొకరి జీవితంలో నేరచరిత్రగా మిగిలింది. ఈ తేడా మనకేమీ కొత్త కాదు.

స్కాట్ అగ్రశ్రేణి రేసుల్లోకి 1961లో అడుగుపెట్టారు. మొత్తం 495 రేసుల్లో పాల్గొన్నారు. ఒక్కటి గెలిచారు. 147 సార్లు మొదటి పదిమందిలో నిలిచారు. 1966లో ఏడాది మొత్తం పాయింట్లలో ఆరో స్థానం సాధించారు. ఒక్క గెలుపును మాత్రమే చూసేవాళ్ళు ఆయన్ని మామూలు డ్రైవర్ అనుకోవచ్చు. పెద్ద జట్లకు కార్ల కంపెనీల ఇంజన్లు, జీతాలు తీసుకునే మెకానిక్‌లు ఉండేవారు. స్కాట్‌కు పాత కార్లు, వాడేసిన విడిభాగాలు, సాయానికి కొడుకులు ఉన్నారు. ఇంజన్ బాగుచేసేదీ ఆయనే, కారు నడిపేదీ ఆయనే. అలాంటి స్థితిలో 147 అన్న అంకెను ఎలా చదవాలన్నదే ప్రశ్న. చేరిన చోటునే కొలిచి, బయల్దేరిన చోటును వదిలేసే కొలతను మన దేశంలో 'మెరిట్' అంటారు.

తెల్ల డ్రైవర్లందరూ ఆయనకు శత్రువులు కారు. జాక్సన్‌విల్‌లో గెలిచిన షెవర్లే కారు నెడ్ జారెట్ అనే డ్రైవర్ దగ్గర కొన్నదే. స్నేహాలు ఉన్నాయి, సాయాలు ఉన్నాయి. కానీ ఆ రోజు లెక్క తప్పినప్పుడు ఏ స్నేహమూ ట్రోఫీని ఆయన చేతిలో పెట్టలేదు. అంబేడ్కర్ జీవితమంతా మంచివాళ్ళ దయను కాక రాజ్యాంగ రక్షణలను ఎందుకు అడిగారో ఇక్కడ అర్థమవుతుంది.

జాతి, కులం ఒకటే అని నేననడం లేదు. స్కాట్‌ను దూరం నుంచి చూసి గుర్తుపట్టేవారు. మనల్ని ఇంటిపేరు అడిగి, కేటగిరీ కాలమ్ చూసి గుర్తుపడతారు. లెక్కపెట్టే గది మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. 2016లో యూజీసీ తెచ్చిన నిబంధనలు పీహెచ్‌డీ ప్రవేశాల్లో రాతపరీక్షను అర్హతకే పరిమితం చేసి, ఎంపికను ఇంటర్వ్యూ చేతిలో పెట్టాయి. విద్యార్థులు పోరాడాక 2018లో రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం అని సవరించారు. నేను వెళ్ళిన ఒక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న నా పరిశోధన గురించి కాదు, మా నాన్న ఏం చేస్తారని. రాతపరీక్షలో నాకెన్ని వచ్చాయో నాకు తెలుసు. ఆ గదిలో ఎన్ని వేశారో, ఎందుకు వేశారో ఈనాటికీ తెలియదు.

ఇక్కడా అడిగితే పొరపాటనే అంటారు. రోస్టర్‌లో పొరపాటు, జాబితాలో పొరపాటు. నిజమైన పొరపాటు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడాలి. ఎప్పుడూ ఒకే వైపు పడేదానికి వేరే పేరుంది.

1973లో టల్లడేగాలో జరిగిన ప్రమాదం స్కాట్ కెరీర్‌ను దాదాపు ముగించింది. ఆయన 1990లో చనిపోయారు. 2015లో నాస్కార్ ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంది. బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యపు జెండాను తన ట్రాకుల్లో నిషేధించడానికి ఆ సంస్థకు 2020 దాకా పట్టింది. 2021 ఆగస్టు 28న, ఆయన నూరో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, జాక్సన్‌విల్ గెలుపుకు గుర్తుగా ఒక ట్రోఫీని కుటుంబానికి అందించారు. అదే ఏడాది అక్టోబర్‌లో బబ్బా వాలెస్ గెలిచే వరకూ ఆ అగ్రశ్రేణి పోటీల్లో మరో నల్లజాతి డ్రైవర్ గెలవలేదు. ఆలస్యంగా ఇచ్చిన గౌరవం కుటుంబానికి విలువైనదే. కానీ ఆ 58 ఏళ్ళలో స్టీరింగ్ పట్టాలనుకుని, పట్టలేకపోయిన పిల్లలకు దాన్ని ఎవరు అందిస్తారు?

చనిపోయాక విగ్రహం పెట్టి దండ వేయడం మన విశ్వవిద్యాలయాలకు కూడా బాగా వచ్చు. మనం అడగాల్సింది అది కాదు. రాతపరీక్ష మార్కులు, ఇంటర్వ్యూ మార్కులు విడివిడిగా, ఫలితాల రోజే, అందరి ముందు పెట్టాలి. తక్కువ వేస్తే కారణం రాయాలి. తప్పు జరిగితే అభ్యర్థి ఇంకా అక్కడ ఉండగానే దిద్దాలి. స్కాట్ ఆ రోజు ట్రాకు మీద అడిగింది కూడా అంతే: జనం ఉండగానే లెక్క సరిచూడమని.