ధర్మాసుపత్రుల జమాఖర్చులు

మార్చి 31వ తేదీతో లెక్కల సంవత్సరము ముగిసిన పిమ్మట ధర్మాసుపత్రుల వార్షిక నివేదికలు ఒక్కొక్కటిగా వెలువడుచుండును. అందలి ఛాయాచిత్రములు చూచి, దాతల పేర్లు చదివి, తుదిపుటలలోని ఆదాయవ్యయ పట్టికను ముట్టకయే పెక్కుమంది పుస్తకమును మూయుదురు. సంస్థయొక్క నిజచరిత్ర ఆ పట్టికయందే కలదని మా తలంపు.

కార్యాలయపు ఖర్చెంత తక్కువయైన ధర్మమంత గొప్పదని యొక నమ్మకము ప్రబలియున్నది. విదేశీ విరాళముల చట్టమును 2020లో సవరించి, పరిపాలనవ్యయపు హద్దును నూటికి 50 నుండి 20కి తగ్గించిరి. ఆసుపత్రి వైద్యుల జీతములు ఈ పద్దులో చేరవని నిబంధనలే చెప్పుచున్నవి. లెక్కలు వ్రాయు గుమాస్తా జీతము మాత్రము చేరును. దాత పంపిన రూపాయికి జవాబు చెప్పవలసినవాడు ఆతడే గదా! ఆతనిని తొలగించి మిగిల్చిన సొమ్మును పొదుపనుట యెట్లు?

ఇక దాతలకు గోడలపైగల మక్కువ చెప్పనలవికాదు. చలువరాతిపై పేరు చెక్కించుకొనుటకు లక్షలిత్తురు. ఆ గోడలనడుమ రాత్రియెల్ల మేల్కొనియుండు నర్సు జీతమున కిచ్చువారరుదు. భవనము ఒక్కసారి కట్టిన చాలును. జీతము నెలనెలకు చెల్లవలయును.

విరాళములనే నమ్ముకొన్నచో ఈ చిక్కు తీరదని గ్రహించినవారు లేకపోలేదు. మధురలో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో 11 పడకలతో నారంభించిన అరవింద నేత్రాలయము, రుసుము చెల్లించు రోగులవలన మిగిలిన ధనముతో పేదలకు చికిత్స చేయుచు వచ్చినది. విదేశపు కంటి కటకముల వెల భరింపరానిదైనందున 1992లో అరోల్యాబ్‌ను స్థాపించి తామే తయారుచేయ మొదలిడిరి. చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్‌గారి వితరణ తోడుగా డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున నెలకొల్పిన నేత్రవైద్య సంస్థయు ఈ త్రోవనే నడచినది. అట్టిచోట్ల మిగులనునది సిగ్గుపడవలసిన మాట కాదు. అదియే మరునాటి ఉచిత శస్త్రచికిత్స.

అయిన ఆ మిగులు ఎచ్చటికి పోయినదో జనులకు తెలియవలదా? నూరు రూపాయలిచ్చిన రైతునకు ఆంగ్లనివేదిక యేమి చెప్పగలదు? ఒక్క ఉచిత శస్త్రచికిత్సకు ఎంత పడినది, ఆ సొమ్ము ఏ పద్దునుండి వచ్చినది, శాశ్వతనిధిపై వడ్డీ యెంత, చెల్లవలసిన జీతము లెన్ని, ఇంతమాత్రము తెలుగున అచ్చొత్తించి ఆసుపత్రి వాకిట అంటింపవలయునని ధర్మకర్తలను కోరుచున్నాము. ఆ కాగితపు ఖర్చును పరిపాలనవ్యయము క్రిందనే వ్రాసికొందురుగాక. మాకు అభ్యంతరము లేదు.