చిన్న విమానములు – పెద్ద పట్టుదల

అడవులు, సరస్సులు, మంచునేలలు నిండిన కెనడా దేశము తన అవసరమునకు తగిన విమానములను తానే నిర్మించుకొన్నది. 1947లో బీవర్ అను చిన్న విమానము ఎగిరినది; 1983లో డాష్-8 అను టర్బోప్రాప్ ప్రయాణికుల విమానము ఎగిరినది. ఈ రెంటి నడుమ ముప్పదియారేండ్ల కృషి యున్నది.

మన పొరుగున బెంగుళూరులో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారు నిర్మించిన 'సరస్' 2004 మే 29న తొలిసారి ఎగిరినది. దాని ఇంజనులు మాత్రము కెనడా కంపెనీవే. 2009 మార్చి 6న రెండవ నమూనా బిడది సమీపమున కూలి, అందలి మువ్వురును అసువులు బాసిరి. పని ఏండ్ల తరబడి వెనుకబడెను. మార్పులు చేసిన తొలి నమూనా 2018 జనవరిలో మరల ఎగిరినది.

ఇట్టి ప్రయత్నమును నడుమ విడుచుట ఆ మువ్వురి త్యాగమునకు తగదని మా అభిప్రాయము. 2001లో బంగారు గనులు మూతబడిన పిదప మన యూరివారెందరో పనికై రైలెక్కి బెంగుళూరు పోవుచున్నారు. వారి బిడ్డలలో కొందరైనను మన విమానమునకు మన ఇంజనును నిర్మింపవలెను. తలిదండ్రులారా! తెలుగున చదివిన బిడ్డకు గణితము, భౌతికశాస్త్రము అందవని భయపడకుడు. భూగర్భమున మూడు కిలోమీటర్లకు మించి దిగినవారి మనుమలకు ఆకాశము అందరానిది కాదు.