కబురు మోస్తే పాపం లేదా?

మొన్నొక సెమినార్‌లో నాటో సైనిక కూటమిలో స్త్రీల భాగస్వామ్యం మీద చర్చ జరిగింది. ఉపగ్రహ సమాచారం లాంటి "సహాయక" విభాగాల్లోకి స్త్రీలు రావడం మంచి పరిణామమన్నారు ఒక వక్త. "ఉపగ్రహం బాంబు వెయ్యదు కదా, కబురు మోస్తుందంతే" అన్నారు. హాల్లో చాలామంది తలలూపారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

సాహిత్యం చదువుకున్నదాన్ని. "సహాయకం" అనే మాట వింటేనే నాకు అనుమానం. మన ఇంటి చాకిరీని ఏ లెక్కలోకీ రాకుండా చేసింది ఇలాంటి మాటలే. ఇప్పుడవి యుద్ధాన్ని కూడా దాస్తున్నాయి.

నాటో 1970లోనే సొంత సమాచార ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపింది. 2005 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీల సైనిక ఉపగ్రహాలను వాడుకుంది. 2020లో మొదలైన కొత్త ఏర్పాటులో అమెరికా కూడా చేరింది. 2019లో అంతరిక్షాన్ని నేల, నీరు, గాలి, సైబర్‌లతో పాటు సైనిక కార్యక్షేత్రంగా ప్రకటించింది. ఎక్కడో కూచున్న కమాండర్ ఆజ్ఞ దూరదేశంలోని సేనకు చేరేది ఈ దారుల్లోనే. ఇది సహాయమా, యుద్ధమా?

జవాబు నాటోయే చెప్పింది. 1999 ఏప్రిల్ 23 తెల్లవారుజామున బెల్‌గ్రేడ్‌లో సెర్బియా ప్రభుత్వ టెలివిజన్ భవనం మీద బాంబు వేసింది. రాత్రి డ్యూటీలో ఉన్న 16 మంది ఉద్యోగులు చనిపోయారు. వారిలో మేకప్ చేసే ఒక యువతి కూడా ఉంది. ఆ భవనం ప్రచారయంత్రంలో, సైనిక సమాచార వ్యవస్థలో భాగమని నాటో సమర్థించుకుంది. కొన్ని గంటల్లోనే ప్రసారాలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ టీవీ అబద్ధాలు చెప్పలేదని నేననను. కొసావోలో అల్బేనియన్లను ఇళ్లలోంచి తరిమేసిన మిలోసెవిచ్‌ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం అసలే కాదు. నేనడిగేది ఒకటే. అవతలివాడు కబురు మోస్తే ఆయుధం, మనవాడు మోస్తే సహాయమా?

2000లో భద్రతా మండలి 1325 తీర్మానం స్త్రీలకు శాంతి నిర్ణయాల్లో చోటు కావాలంది. యుద్ధం సాఫీగా సాగడానికి కుర్చీలు అడగలేదు. 1991 నుంచి బెల్‌గ్రేడ్ వీధుల్లో నల్లబట్టలతో నిలబడిన స్త్రీలకు ఈ తేడా తెలుసు. తమ ప్రభుత్వాన్నీ, నాటో బాంబుల్నీ రెండింటినీ వాళ్లు కాదన్నారు. ఇంగ్లండ్‌లో మెన్‌విత్ హిల్ ఉపగ్రహ కేంద్రం కంచె బయట 1990లలో శిబిరం వేసుకున్న స్త్రీలకూ తెలుసు. లోపల ఉద్యోగాలిమ్మని కాదు వాళ్లక్కడ చలిలో కూచున్నది.

మాటలతో పనిచేసే మనమే ఆ తేడా మర్చిపోతే ఎలా? తలలూపే ముందు ఆ మేకప్ అమ్మాయిని ఒక్కసారి గుర్తు చేసుకుందాం.